పదిహేడో చెట్టు వేళ్ల కింద

గోతిలోకి దిగిన దేవదానం ఇరవై నిమిషాలైనా పైకి రాలేదు. గట్టు మీద నిలబడ్డ సర్కిల్ ఇన్‌స్పెక్టర్ ఆంజనేయప్రసాద్ మాటిమాటికీ వాచీ చూసుకుంటున్నాడు.

"పదీ ముప్పావైందండి దేవదానం గారూ. పన్నెండింటికల్లా ముద్దాయిని జీపెక్కించాలి. ఎముకలు పొద్దున్నే కాకినాడ పంపేశాం. ఉత్త గోతిలో ఇంకా ఏం వెతుకుతున్నారు?"

"బూడిద," అన్నాడు దేవదానం తల ఎత్తకుండానే.

ఇరవై ఏళ్లు పోలీసు ఫొటోగ్రఫీ విభాగంలో పనిచేసి, ఉద్యోగం వదిలేసి అమలాపురంలో ప్రైవేటు డిటెక్టివ్‌గా బోర్డు కట్టుకున్న మనిషి దేవదానం. నిన్న సాయంత్రం హలీమున్నీసా గారు కబురు పెడితే తాటిపాక మీదుగా ఈ ఏటిమెరక వచ్చేడు. ఆవిడ తాతగారు హాజీ ఇమాం సాహెబు రంగూన్‌లో కొబ్బరి వ్యాపారం చేసి తిరిగొచ్చి, 1907లో ఇక్కడ మగపిల్లల కోసం సాహిలియా మదరసా పెట్టేరు. ఊళ్ళో రైతులిచ్చిన ఎకరం మెరకలో కట్టిన ఆ బడిలో పిల్లలు ఖురాను మొత్తం కంఠస్థం చేస్తారు. పూర్తిచేసినవాడికి గురువు తలపాగా చుట్టి, తన పేరూ, తనకి నేర్పిన గురువు పేరూ, ఆయన గురువు పేరూ వరసగా రాసిన సనదు చేతిలో పెడతాడు. ఆ రోజునుంచీ వాడు హాఫిజు.

గురువులకీ ఓ ఆచారం ఉంది. కొత్తగా వచ్చిన గురువు వచ్చిన రోజే తన చేత్తో గొయ్యి తవ్వాలి. దాన్ని ఎనిమిది రోజులు ఎండకీ గాలికీ వదిలి, ఆ వచ్చే శుక్రవారం నమాజు అయ్యాక ఊరందరి ఎదుటా అందులో కొబ్బరి మొక్క నాటాలి. తొంభై ఏళ్లలో ఇరవై రెండు చెట్లు. ప్రతి మాను మీదా సున్నంతో అంకె.

నవంబరు ఆరో తేదీ తుఫానుకి వాటిలో పద్నాలుగు పడిపోయేయి. ఆ రాత్రి ఈ బడిలో మూడొందల మంది తలదాచుకున్నారు. మొన్న కూలీలు పదిహేడో చెట్టు మొదలు లాగుతుంటే, వేళ్లతో పాటు మనిషి పుర్రె పైకొచ్చింది.

పదిహేడో చెట్టు నాటింది ఇప్పుడు బడి నడుపుతున్న మౌలానా కమాలుద్దీన్. కానీ ఆంజనేయప్రసాద్ ఆయన్ని వదిలేసి, యాభై ఏళ్లుగా ఆ చెట్లకి చాకిరీ చేస్తున్న ముసలి ఇస్సాకుని పట్టుకున్నాడు.

దేవదానం చేతులు దులుపుకుంటూ పైకొచ్చేడు.

"ఇటు చూడండి ప్రసాద్ గారూ. చెట్టు వేళ్లతో సగం గొయ్యి ఊడొచ్చింది గానీ ఈ పడమటి గోడ చెదరలేదు. మధ్యలో బూడిదా ఉప్పూ కలిసిన చార ఉంది. ఎక్కడా తెగలేదు. పుర్రె దొరికింది ఆ చారకి కిందా, మీదా?"

"కింద."

"అంటే ముందు శవం, తర్వాత మట్టి, ఆపైన బూడిద, ఆపైన మొక్క. గొయ్యి తవ్విన రోజుకీ మొక్క నాటిన రోజుకీ మధ్యలో జరిగిందిది. ఎనిమిదే రోజులు."

"నేను చెప్పేదీ అదే గదండీ!" ఆంజనేయప్రసాద్ నవ్వేడు. "గోతిలో బూడిద వేసేది ఎవరు? ఇస్సాకు. ప్రతి చెట్టుకీ వాడే వేస్తాడు. ఎవడో కొబ్బరికాయల దొంగ దొరికుంటాడు, గునపంతో రెండు పెట్టుంటాడు. పుర్రె మీద రెండు దెబ్బలూ మీరూ చూసేరుగా."

"చూసేను. ఎడమ మోచెయ్యి వంకరగా అతుక్కోడం కూడా చూసేను. చిన్నప్పుడెప్పుడో విరిగిన చెయ్యి. ఆ చేత్తో కొబ్బరి చెట్టెక్కే దొంగని మీరెక్కడైనా చూసేరా?"

ఆంజనేయప్రసాద్ మొహంలో నవ్వు తగ్గింది.

"పక్కటెముకల దగ్గర పూసలు దొరికేయి గదా. ఎన్నండీ?"

"లెక్కెట్టలేదు."

"నేను లెక్కెట్టేను. ముప్పై మూడు. తస్బీ మాల అది. చనిపోయినవాడు నమాజు చేసే మనిషి."

"డిపార్టుమెంటులో ఉన్నప్పుడూ ఇంతే మీరు. ఫొటోలు తియ్యమంటే పాఠాలు చెప్పేవారు." ఇన్‌స్పెక్టరు గొంతు పెరిగింది. "మదరసా గురువు మీద చెయ్యేస్తే రేపు ఊరేమవుతుందో నాకు తెలుసు, మీకు తెలీదు. గంటా పది నిమిషాలుంది. తర్వాత నా దారికి అడ్డు రాకండి."

దేవదానం వరండా వైపు నడిచేడు.

ఇస్సాకు స్తంభానికి ఆనుకుని కూర్చున్నాడు. డెబ్భై దాటిన మనిషి. బేడీలు వదులై మణికట్టు మీంచి జారిపోతుంటే రెండో చేత్తో పైకి తోసుకుంటున్నాడు.

దేవదానం పక్కనే కింద కూర్చున్నాడు. "ఇస్సాకు గారూ, ఆ గోతిలో బూడిద మీరే వేసేరా?"

"ఆయ్... లేదండి బాబూ."

"మరి ఇన్‌స్పెక్టరు గారికి వేసేనని చెప్పేరట?"

"అన్నిటికీ నువ్వే వేస్తావా అన్నేరండి. ఆయ్ అన్నానండి. ఆ ఒక్క చెట్టు సంగతి ఆరడగలేదండి."

"నేనడుగుతున్నాను."

ముసలాయన హాలు వైపు చూసేడు. లోపల ముప్పై మంది పిల్లలు ఊగుతూ వల్లె వేస్తున్న గొంతులు వినిపిస్తున్నాయి.

"శుక్రారం పొద్దుటే ఏడింటికి బూడిద తట్ట పట్టుకొచ్చేనండి. అప్పటికే గొయ్యి మోకాల్లోతుకి పూడిపోయుంది. బూడిదా ఉప్పూ పరిచేసి ఉన్నాయి. ఇదేటండి అంటే, 'నిన్న తీరుబడిగా ఉంటే నేనే వేసేను ఇస్సాకూ' అన్నేరు మౌలానా గారు. ఏ గురువూ అలా చెయ్యలేదండి. మా మంచి మనిషి అనుకున్నాను."

"ఇరవై నాలుగేళ్లు ఎవరికీ చెప్పలేదే?"

"చెప్పుకునేంత సంగతాండి అది? మొన్న పుర్రె బైటపడ్డాక తెలిసింది." ఇస్సాకు కళ్లు దించుకున్నాడు. "మా అబ్బాయి సాలమోనుకి ఒళ్లు కాలిపోయే జొరం వస్తే ఆరే భుజానేసుకుని పంటి మీద గోదారి దాటించేరండి. ఆరి మీద నేనెలా చెప్తానండి?"

దేవదానం లేచి నిలబడ్డాడు. పదకొండూ అయిదు.

మౌలానా కమాలుద్దీన్ తన గదిలో ఒంటరిగా ఉన్నారు. యాభై దాటిన వయసు, తెల్లటి గడ్డం, తడబాటు లేని కళ్లు. దేవదానాన్ని చూసి లేచి కుర్చీ జరిపేరు.

"కూర్చోండి. టీ తెప్పిస్తాను."

"వద్దండి. 1972 రిజిస్టరు చూడాలి."

మౌలానా ఎడమ చెయ్యి పైకి చాపి అటక మీది లావుపాటి పుస్తకాన్ని ఒక్క ఊపులో దించేరు. పేజీ వెతకాల్సిన పని లేకుండానే తెరిచి, తెలుగులో చదివి చెప్పేరు. "జూన్ ఎనిమిది, గురువారం. కొత్త గురువు కమాలుద్దీన్ రాక. నెల్లూరు వాస్తవ్యులు. గొయ్యి తవ్వడమైనది. జూన్ పదహారు, శుక్రవారం. పదిహేడో మొక్క నాటడమైనది."

"జూన్ పదిహేను, గురువారం?"

"ఏమీ లేదు. గురువారం మధ్యాహ్నం నుంచి బడికి సెలవు. మొదట్నుంచీ అంతే. పిల్లలు కాలవకి స్నానాలకి పోతారు. సూర్యాస్తమయం నమాజుకి తిరిగొస్తారు."

"అంటే ఒంటిగంటన్నర నుంచి ఆరున్నర దాకా ఇక్కడ ఎవరూ ఉండరు."

"నేనుంటాను."

"ఆ రోజు గోతిలో బూడిద మీరే వేసేరట."

మౌలానా రిజిస్టరు మూసేరు. "ఇస్సాకు చెప్పేడా?"

"నేను అడక్కపోతే చెప్పేవాడు కాదు. జైలుకైనా వెళ్లేవాడు."

"వేసేను," అన్నారు మౌలానా. అంతకన్నా ఒక్క మాట పెంచలేదు. కిందున్న శవం సంగతి తెలీదనీ అనలేదు. దేవదానం వృత్తిలో అబద్ధాలు చాలా విన్నాడు. ఇలాంటి మౌనం ఎప్పుడూ వినలేదు.

హాలు వెనక గుమ్మంలో హలీమున్నీసా గారు ఎదురుచూస్తున్నారు. అరవై ఏళ్ల మనిషి, తలమీంచి బండారులంక నేత చీర కొంగు జారనివ్వకుండా పట్టుకున్నారు.

"అమ్మా, ఆ ఎనిమిది రోజులూ మీరిక్కడే ఉన్నారా?"

"ఉన్నానండి. అప్పట్లో బడి చూసుకునేది మా నాన్నగారు అబ్దుర్రవూఫ్ సాహెబు. ఆయనకి అప్పటికి చూపు పూర్తిగా పోయింది. అన్నం నేనే పెట్టేదాన్ని."

"ఆ వారంలో ఏవైనా ఉత్తరాలొచ్చేయా?"

ఆవిడ ఆలోచించేరు. "ఒకటొచ్చింది. మౌలానా గారు కొత్త గదా, ఆయన చేతే చదివించుకున్నారు. నేను తెర వెనకాల ఉన్నాను. తాలూకాఫీసు నోటీసండీ, ఏదో సరిహద్దు రాళ్ల గురించి అన్నారాయన. నాన్నగారు ఎప్పుడూ అడిగే మాటే అడిగేరు, 'పైన బిస్మిల్లా ఉందా?' అని. ఉందన్నారు. అయితే ఇటివ్వండని తీసుకుని, తడుముకుంటూ వెళ్లి కాగితాల పెట్టెలో వేసేసేరు."

దేవదానం ఆవిడ మొహంలోకి అలాగే చూస్తూ ఉండిపోయేడు.

"తాలూకాఫీసు వాళ్లు ఎప్పట్నుంచి బిస్మిల్లా రాస్తున్నారమ్మా?"

హలీమున్నీసా గారి చేతిలోంచి కొంగు జారిపోయింది. ఇరవై నాలుగేళ్లుగా మనసులో ఉన్న మాటే. ఎప్పుడూ తిరగేసి చూసుకోలేదావిడ.

"ఆ పెట్టె ఎక్కడ?"

హాల్లో గోడలోకి కట్టేసిన టేకు పెట్టె అది, రొమ్మెత్తున. పైన సన్నటి చీలిక. బిస్మిల్లా అని దేవుడి పేరున్న ఏ కాగితమూ ఈ బడిలో చెత్తలో కలవకూడదు, కాళ్ల కింద పడకూడదు, నిప్పులో పడకూడదు. అన్నీ ఆ చీలికలోంచి లోపల వేస్తారు. నిండిన రోజున పడవ మీద తీసుకెళ్లి గోదారి మధ్యలో వదిలేస్తారు. ఆఖరిసారి నిండింది 1971లో.

"అయితే మనకి కావల్సింది అట్టడుగున ఉంటుంది," అన్నాడు దేవదానం.

ఆంజనేయప్రసాద్ బూట్లు వదిలేసి లోపలికొచ్చేడు. వెనకే మౌలానా కూడా వచ్చి గుమ్మంలో ఆగేరు. పిల్లల్ని బయటికి పంపించేసరికి హాలంతా ఒక్కసారి నిశ్శబ్దమైపోయింది.

"నిండకుండా ఆ పెట్టె తెరిచే ఆచారం లేదండి," అన్నారు మౌలానా. ఆయన గొంతు మొదటిసారి సన్నబడింది.

"ఆయన చెప్పేరుగా," అన్నాడు ఆంజనేయప్రసాద్. "సెర్చి వారంటు లేకుండా మత సంబంధమైన వస్తువు ముట్టుకుంటే ముందు మిమ్మల్ని లోపలేస్తాను దేవదానం గారూ."

"నేను ముట్టుకోనండి."

"నేను ముట్టుకుంటాను." హలీమున్నీసా గారు ముందుకొచ్చేరు. "మా తాత కట్టించిన పెట్టె ఇది. ఏ పాపం ఎరగని ముసలాణ్ణి బేడీలేసి వరండాలో కూర్చోబెట్టేరు. అది ఆచారమాండి? ఇన్‌స్పెక్టరు గారూ, ఆ తలుపు మేకులు తీయించండి."

కింది తలుపు ఊడదీసేసరికి పదకొండూ నలభై. ముట్టుకుంటే పొడి రాలే కాగితాలు. ఆవిడే నేలమీద దుప్పటి పరిచి, కూర్చుని, అడుగునుంచి ఒక్కొక్కటీ తీసేరు. చిరిగిన పాఠాలు, పెళ్లి పత్రికలు, పిల్లల చేతిరాత కాయితాలు. ఆంజనేయప్రసాద్ రెండుసార్లు వాచీ చూసేడు. మూడోసారి చూడబోతుంటే ఆవిడ చెయ్యి ఆగింది.

నీలం రంగు ఇన్‌లాండు ఉత్తరం. పోస్టు ముద్ర నెల్లూరుది.

"ఉర్దూలో ఉంది. పైన బిస్మిల్లా ఉంది," అన్నారావిడ. కళ్లద్దాలు సరిచేసుకుని, నెమ్మదిగా తెలుగులో చెప్పడం మొదలుపెట్టేరు.

"'జనాబ్ అబ్దుర్రవూఫ్ సాహెబు గారికి కమాలుద్దీన్ సలాములు. జ్వరం తగిలి నా ప్రయాణం ఆగింది. వారంలో లేచి వస్తాను. నా పెట్టె, పుస్తకాలు, సనదు మా పీరా చేతికిచ్చి ముందుగా పంపుతున్నాను. నాతో పాటు పెరిగినవాడు, నమ్మకస్తుడు. ఒక సంగతి మీకు ముందే చెప్పాలి...'"

ఆవిడ ఆగిపోయేరు.

"చదవండమ్మా," అన్నాడు దేవదానం.

"'చిన్నప్పుడు చింతచెట్టు మీంచి పడి నా ఎడమ మోచెయ్యి వంకరగా అతుక్కుంది. నమాజులో ఆ చెయ్యి చెవి దాకా లేవదు. మీ ఊరివారికి అభ్యంతరమైతే మొహమాటం లేకుండా రాయండి.'"

ముగ్గురూ గుమ్మం వైపు తిరిగేరు. మౌలానా ఎడమ చెయ్యి పైకెత్తి ద్వారబంధం పట్టుకుని నిలబడి ఉన్నారు. తిన్నగా, ఎక్కడా వంకర లేని చెయ్యి.

"ఇదేంటిది..." ఆంజనేయప్రసాద్ ఉత్తరం వైపు వంగేడు. "అంటే గోతిలో ఉన్నది..."

"కమాలుద్దీన్ గారు," అన్నాడు దేవదానం. నాటిన మొక్క చుట్టూ ఊరంతా నిలబడి దువా చేసిన శుక్రవారం అతని కళ్లకి కట్టింది. "ఈయన కాదు."

ఆయన పారిపోలేదు. గడప దాటి లోపలికొచ్చి, పిల్లలు కూర్చునే చాప మీద కూర్చున్నారు.

"నా పేరు పీరా అండీ. కమాలుద్దీన్ గారింట్లో వంటవాడి కొడుకుని."

హలీమున్నీసా గారు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు.

"ఆయన ఉత్తరాదికి చదువుకి వెళ్తే వండిపెట్టడానికి నన్నూ పంపేరు. ఏడేళ్లు. ఆయన లోపల వల్లె వేసేవాడు. నేను వంటింటి కిటికీ దగ్గర ఉల్లిపాయలు తరుగుతూ వినేవాణ్ణి. ఆయనకి పట్టుబడే లోపలే నాకు వచ్చేసింది. ముప్పై భాగాలూ, అక్షరం పొల్లుపోకుండా. ఓ రోజు ధైర్యం చేసి పెద్ద గురువు దగ్గరికెళ్లి, నేనూ అప్పజెప్తానండీ అన్నాను. అన్నం మాడు వాసనొస్తోంది, వెళ్లి చూసుకో అన్నారు."

"అందుకని చంపేస్తావా?" అన్నాడు ఆంజనేయప్రసాద్.

"చంపాలని రాలేదండి. పెట్టె మోసుకుని పంటి దిగేను. అబ్దుర్రవూఫ్ సాహెబు గారు తడుముకుంటూ వచ్చి నా రెండు చేతులూ పట్టుకుని, 'మౌలానా వచ్చేరా' అన్నారు. నా జన్మలో నన్నెవరూ అలా పిలవలేదు. కాదని చెప్పలేకపోయేను. కమాలుద్దీన్ గారు వచ్చేలోగా ఎక్కడికైనా పోదామనుకున్నాను. రెండో రోజు పిల్లలకి పాఠం చెప్పేను. మూడో రోజుకి పోవాలనిపించలేదు."

"ఉత్తరం చింపేసుండొచ్చు గదా," దేవదానం అడిగేడు. "బిస్మిల్లా లేదని ఒక్క మాటంటే సరిపోయేది."

"ఆ ఒక్క మాటా నోరు రాలేదండి."

హలీమున్నీసా గారు అన్నారు: "నీ చేత్తో అరవై మూడు మంది పిల్లలకి తలపాగాలు చుట్టేవు. నీకు లేని గురువుల పేర్లు రాసి సనదులిచ్చేవు. వాళ్లు ఊళ్లలో నమాజులు చేయిస్తున్నారు. ఇప్పుడు వాళ్లందరి మొహాలూ ఏం కాను?"

"నేర్పింది మాత్రం తప్పు నేర్పలేదమ్మా."

"ఆ గురువారం ఏం జరిగింది?" అన్నాడు దేవదానం. "రెండు దెబ్బలున్నాయి."

పీరా తన అరచేతులు చూసుకున్నాడు.

"రెండున్నరప్పుడు వచ్చేడండి. నేను గోతి గట్టు సరిచేస్తున్నాను. తిట్టలేదు, అరవలేదు. అంతా చూసి నవ్వేడు. అయితే మౌలానా అయ్యేవన్నమాట అన్నాడు. తర్వాత, 'పొయ్యి వెలిగించు పీరా, ఆకలేస్తోంది' అన్నాడు. గునపం నా చేతిలోనే ఉంది."

బయట వరండాలో బేడీల చప్పుడు ఆగింది. ఇస్సాకు వింటున్నాడు.

"వెల్లకిలా గోతిలో పడ్డాడు. కళ్లు తెరిచే ఉన్నాడు. పోయేవాళ్ల దగ్గర చదివే యాసీన్ సూరా ఉంది గదండీ, తనే మొదలుపెట్టేడు. సగంలో ఆగిపోయేడు. ఎంత వెతుక్కున్నా తర్వాతి మాట దొరకలేదు. నావైపు చూసేడు." పీరా అన్నాడు. "నేను గట్టు మీద కూర్చుని అందించేను. మళ్లీ ఆగితే మళ్లీ అందించేను. ఆఖరి దాకా ఇద్దరం కలిసే చదివేం."

ఆంజనేయప్రసాద్ గోడకి చేరబడిపోయేడు.

"మట్టి కప్పేటప్పటికి," హలీమున్నీసా గారు అడిగేరు, "ప్రాణం పోయిందా?"

"సూరా అయ్యేదాకా ఆగేనమ్మా. ఊపిరి ఉందో లేదో చూళ్లేదు."